పిల్లల బల్లా కుర్చీ సీఎన్‌సీ మీద కోయించే ముందు: గోదావరి డెల్టాలో ఏ షీటు, ఏ జాయింటు, ఏ పాలిష్?

2022 జూలైలో దవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. మూడోది అంటే 17.75 అడుగులు. మా అక్కవాళ్లది లంక ఊరు. 13.75 అడుగుల దగ్గర రెండో హెచ్చరిక వెయ్యగానే బియ్యం బస్తాలు, టీవీ, పరుపులు డాబా మీది గదికి చేర్చేశారు. నేను మేనల్లుడికి చేసిచ్చిన చదువు బల్ల మాత్రం కిందే ఉండిపోయింది. జిగురు పెట్టి, స్క్రూలు బిగించి, ఎటూ కదలకుండా చేశాను. మెట్ల మలుపులో అది తిరగలేదు. విప్పుదామంటే విప్పే వీలు లేదు. మూడు రోజుల తర్వాత నీరు తీసింది. బల్ల కాళ్లు అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు పొరలు విడిపోయి, తడిసిన పుస్తకంలా ఉబ్బి ఉన్నాయి. "పోనీలేరా, పిల్లలు క్షేమంగా ఉన్నారు, బల్లదేముంది" అంది అక్క. మేనల్లుడు మాత్రం దాని పక్కన చాలాసేపు కూర్చున్నాడు.

ఆ షీటుని దుకాణంలో నాకు వాటర్‌ప్రూఫ్ అనే అమ్మారు. దాని మీద ఏ ముద్ర ఉందో చూడకుండా నేనూ తెచ్చేసుకున్నాను. అప్పటి నుంచి పిల్లల ఫర్నిచర్ కావాలని ఎవరొచ్చినా ముందు ఒక్కటే అడుగుతున్నాను: "మీ ఇంట్లోకి నీళ్లొస్తాయా అండీ? వస్తే దీన్ని ఎక్కడికి చేరుస్తారు?" షీటు, జాయింటు, పాలిష్ మూడూ ఆ జవాబును బట్టే తేలుతాయి.

రావులపాలెం దగ్గర మాకో చిన్న షెడ్డు ఉంది. నాన్నగారు వడ్రంగి. ఉలి, చిత్రిక ఆయన దగ్గరే పట్టుకున్నాను. తర్వాత సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్లో గీసిన గీత ప్రకారం చెక్క కోసే మిషన్, పెట్టాను. రోజువారీ పని పూజగది తలుపులు, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే పలక) జాలీలు. పిల్లల బల్లలు, కుర్చీలు, పుస్తకాల అరలు ఇష్టంతో మొదలుపెట్టినవి. మీరు మిషన్ ఉన్నవాళ్లయినా, జాబ్ వర్క్‌కి ఇచ్చి కోయించుకునే తల్లిదండ్రులయినా, చిన్న బడి నడిపేవాళ్లయినా, ఎదురయ్యే ఎంపికలు ఇంచుమించు ఒకటే.

షీటు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మార్కెట్లో "కమర్షియల్" అని పిలిచేది ఎంఆర్ గ్రేడు ప్లై. ఐఎస్ 303 అనే భారత ప్రమాణం కిందకి వస్తుంది. ఎంఆర్ అంటే తేమను తట్టుకునేది అని మాత్రమే అర్థం, నీళ్లలో నానినా నిలుస్తుందని కాదు. అందులో పొరల్ని అతికించేది సాధారణంగా యూరియా జిగురు. "మెరైన్" లేదా బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకీ చెడనిది) అనేది ఐఎస్ 710 కిందకి వస్తుంది. దీనిలో ఫినాలిక్ జిగురు వాడతారు. ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు ఊడకూడదనేది దాని పరీక్ష. ఈ రెండింటి మధ్య బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లని కొంతవరకు తట్టుకునేది) ఉంటుంది. వంటింటి అరలకి చాలామంది వాడేది అదే.

వాటర్‌ప్రూఫ్ అనే మాట ఎవరైనా, ఏ షీటు గురించైనా అనొచ్చు. ముద్ర చూడండి. ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ నంబరు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరుని భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, దేనికి ఇచ్చిన లైసెన్సో చూపిస్తుంది. దుకాణంలోనే నిలబడి చూడండి, మొహమాటపడకండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. కొత్త లాటు వస్తే ఒక మూల నుంచి నాలుగంగుళాల ముక్క కోసి, వంటకి వాడని పాత గిన్నెలో ఐదారు గంటలు మరిగిస్తాను. ప్రమాణంలో చెప్పిన పరీక్ష ముందు ఇది చాలా చిన్నదే. అయినా నాసిరకం జిగురైతే ఆ కాస్తలోనే పొరల అంచులు నోళ్లు తెరుస్తాయి.

పిల్లల వస్తువుల విషయంలో ఫినాలిక్ జిగురుకి ఇంకో మేలు కూడా ఉంది. యూరియా జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెమ్మదిగా బయటికి వస్తూ ఉంటుంది. వేడి, తేమ ఎక్కువైతే ఇంకా ఎక్కువగా వస్తుంది. మన ఊళ్లలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉండేవి ఆ రెండే కదా. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఫినాలిక్ జిగురు నుంచి అది చాలా తక్కువగా వస్తుంది. తప్పనిసరై ఎంఆర్ గానీ ఎండీఎఫ్ గానీ తీసుకోవాల్సి వస్తే ఈ0 లేదా ఈ1 అని, అంటే ఆ వాయువు తక్కువగా వదిలే రకమని, రాసి ఉన్నదే తీసుకోండి. పిల్లవాడు బల్ల మీద తలవాల్చి నిద్రపోతాడు, వాడి ముక్కుకీ షీటుకీ మధ్య దూరం ఉండదు.

ఐఎస్ 710లో ఒక ఇబ్బంది ఉంది, అది దాచకూడదు. చెదలు, బోరర్ పట్టకుండా ఆ షీటుకి మందు పట్టించి ఉంటుంది. అందుకని కోసిన ప్రతి అంచునీ సీలు చెయ్యాలి. పళ్లొచ్చే వయసు పసివాళ్లు నోట పెట్టుకుని కొరికే వస్తువులకి, అంటే తొట్టి పట్టీ, నడక బండి పిడి లాంటివాటికి, ప్లై వద్దు. అక్కడ టేకో, వేపో, అసలు చెక్కే మేలు.

ఎండీఎఫ్ సంగతి. సీఎన్‌సీ కింద ఎండీఎఫ్ అంత హాయిగా కోసేది ఇంకోటి లేదు. అంచు నున్నగా వస్తుంది, రంగు బాగా పడుతుంది, ధర తక్కువ. హైదరాబాద్ ఫ్లాట్లో ఏసీ గదికైతే కాదనను. మన దగ్గర మాత్రం నేలకి తగిలే ఏ ముక్కకీ వద్దు. మా రౌటర్ బెడ్డు మీద పరిచే ఎండీఎఫ్ పలకే ముసురు పట్టిన వారానికి ఎగుడుదిగుడవుతుంది. ప్రతి వానాకాలం రెండుసార్లు దాన్ని చెక్కి చదును చేసుకుంటాను. షెడ్డులో పొడిగా ఉన్న పలకే అలా ఉంటే, రోజూ తడిగుడ్డతో తుడిచే గచ్చు మీద కుర్చీ కాళ్లు ఏమవుతాయో ఆలోచించండి. పైగా 18 మి.మీ. ఎండీఎఫ్ షీటు 40 కిలోల దాకా తూగుతుంది, అంతే ప్లై 32 నుంచి 35. పార్టికల్ బోర్డు అసలు వద్దు. పిల్లలు కుర్చీ వెనక్కి ఊపినప్పుడు స్క్రూ దానిలోంచి పొడితో సహా ఊడి వస్తుంది. బ్లాక్ బోర్డు, అంటే లోపల చెక్క పట్టీలు పేర్చి చేసిన షీటు, తలుపులకి మంచిదే గానీ, గాడి కోస్తే లోపలి పట్టీల మధ్య ఖాళీలు బయటపడతాయి. బయటి దేశాల ఫర్నిచర్ ఫొటోల్లో కనిపించే సన్నటి గీతల అంచు బిర్చ్ ప్లైది. అందంగా ఉంటుంది, పొరలు ఎక్కువ, లోపల ఖాళీలు దాదాపు ఉండవు. కానీ మన పట్నాల్లో దొరకడం కష్టం, ధరా ఎక్కువే. వరద రాని ఇల్లయి, అంచు కనపడాలనే కోరిక ఉంటే తప్ప అంత దూరం వెళ్లక్కర్లేదు.

ఏ గ్రేడు కొన్నా అంచుని కళ్ల దగ్గర పెట్టి చూడండి. నల్లటి ఖాళీలు, ఒక పొర మీద ఇంకో పొర ఎక్కడం కనిపిస్తే ఆ షీటు వదిలెయ్యండి. అల్మరాలో వేసేటప్పుడు ఆ ఖాళీ లోపలే ఉండిపోతుంది. మనం గాడులు, కంతలు కోస్తాం గనక సరిగ్గా బలం కావాల్సిన చోటే అది బయటపడుతుంది. "కాలిబ్రేటెడ్" అని అమ్మే షీట్లకి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. వాటి మందం షీటంతా ఒకేలా ఉంటుంది.

12 మి.మీ. చాలా, 18 కావాలా?

మామూలు వడ్రంగి పనిలో 18 అలవాటు. చిన్నపిల్లల కుర్చీకి అది ఎక్కువ. ఒక చిన్న కుర్చీకి అర చదరపు మీటరు కన్నా కాస్త తక్కువ ప్లై పడుతుంది. 12 మి.మీ.తో చేస్తే మూడు, మూడున్నర కిలోలు, 18తో చేస్తే ఐదు కిలోల పైమాటే. నాలుగేళ్ల పిల్ల తన కుర్చీ తనే ఎత్తుకుని కిటికీ దగ్గరికి జరుపుకోగలగాలి. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన తన మొదటి బడికి పిల్లల కొలతకి తగ్గ తేలిక బల్లలు, కుర్చీలు చేయించింది ఇందుకే. ఆవిడ 1939లో మద్రాసు వచ్చాక ఆ ఆలోచన మన బడుల్లోకి ఇంకా పాకింది.

బల్ల పైపలకకి, పొడుగ్గా ఉండే పుస్తకాల అరకి మాత్రం 18 పెట్టండి. వంగకుండా నిలిచే గుణం మందాన్ని మూడుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. అంటే 12 కన్నా 18 ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లకు పైగా బిగువు. 80 సెం.మీ. అరలో 12 మి.మీ. పలక వేస్తే ఏడాది తిరక్కుండానే మధ్యలో కుంగుతుంది. పైపొర రేఖలు కూడా పలక పొడవునే పోయేలా కోయించండి. షీట్లో ముక్కలు సర్దేటప్పుడు చోటు కలిసొస్తుందని అడ్డంగా తిప్పేస్తుంటారు, అది ఒప్పుకోకండి.

8 అడుగులకి 4 అడుగుల ఒక్క షీట్లో బల్ల, రెండు కుర్చీలు వచ్చి ఇంకా కొంత మిగులుతుంది. అందుకని మంచి షీటుకీ మామూలు షీటుకీ ధరలో తేడా చూసి వెనకాడేవాళ్లకి నేను ఆ తేడాని 32 చదరపు అడుగులకి లెక్కగట్టి చూపిస్తాను. మూడు వస్తువుల మీదికి పంచితే అది పెద్ద భారంగా అనిపించదు.

జాయింటు: చీలా, జిగురా, బోల్టా?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. నాలుగు దారులున్నాయి.

మొదటిది జిగురు, స్క్రూలు. గట్టిగా ఉంటుంది, డిజైను సులువు, మేస్త్రీలందరికీ తెలుసు. రాజమండ్రిలోనో కాకినాడలోనో మూడో అంతస్తు ఫ్లాట్లో ఉండేవాళ్లకి ఇది చాలు. ఇల్లు మారితే మాత్రం అంత వస్తువునీ ఎత్తుకుపోవాలి. ప్లై అంచులోకి స్క్రూ దింపేటప్పుడు ముందు సన్నటి రంధ్రం వెయ్యకపోతే పొరలు చీలిపోతాయి.

రెండోది మినీఫిక్స్. కొన్న అల్మరాల్లో గుండ్రటి బిళ్ల తిప్పి బిగించేది. చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ దానికి పలక అంచులో అడ్డంగా రంధ్రం వెయ్యాలి. మన దగ్గరుండే మూడు యాక్సిస్‌ల రౌటర్ పైనుంచే కోస్తుంది, అంచులోకి వెళ్లలేదు. ఆ రంధ్రాలు చేత్తో వేస్తే ఒక్క మిల్లీమీటరు తేడాకే పలక వంకర వస్తుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఆ బిళ్లలు తుప్పు పట్టి రెండేళ్లకే తిరగడం మానేస్తాయి. పిల్లల వస్తువులకి నేను వాడను.

మూడోది బోల్టు, పీపా నట్టు (పలక రంధ్రంలో అడ్డంగా కూర్చుని బోల్టుని పట్టుకునే గుండ్రటి నట్టు). ఇది నాకు నచ్చుతుంది. పెద్ద పిల్లల మంచానికీ, నిచ్చెన లాంటి వాటికీ ఇదే సరైనది. స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి. విప్పడానికి అలెన్ కీ కావాలి, అది అవసరానికి దొరకదు. మంచం అడుగునే ఒక గాడి కోసి కీ అందులో ఇరికించి పెట్టుకోండి.

నాలుగోది కంత, చీల. ఒక పలక నాలుకలా పొడుచుకొచ్చి ఇంకో పలకలోని కంతలోంచి అవతలికి వస్తుంది. ఆ నాలుకలో ఇంకో చిన్న కంత, అందులో చెక్క చీల. ఇనుము లేదు, జిగురు లేదు. నాన్నగారు పాత మండువా ఇళ్ల దూలాల్లో చూపించిన పద్ధతే, సీఎన్‌సీ దాన్ని మిల్లీమీటరులో పదో వంతు వరకు కచ్చితంగా కోసిపెడుతుంది. లంకల్లో ఉండేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. చీలలు కొట్టి ఊడదీస్తే బల్ల ఐదు పలకలవుతుంది. చాప చుట్టినట్టు చంకలో పెట్టుకుని అటకెక్కించొచ్చు.

చీలకి మన వాతావరణంలో ఇంకో బలం ఉంది. ప్లై వానాకాలం మందంలో కొద్దిగా ఉబ్బుతుంది, మే నెలలో తగ్గుతుంది. మామూలు గాడి జాయింటు శ్రావణంలో పట్టేసి ఊడదు, రోహిణి కార్తెలో వదులై కిర్రుమంటుంది. చీల ఉంటే వదులైనప్పుడు చెక్క సుత్తితో ఒక్క దెబ్బ కొట్టండి, మళ్లీ బిగుస్తుంది. చీల వాలు పది పాళ్ల పొడవుకి ఒక పాలు ఉంటే దానంతట అది జారదు. వాలు ఎక్కువైతే పిల్లలు ఊగినప్పుడల్లా పైకి వస్తుంది.

ఒక జాగ్రత్త. మూడేళ్లలోపు పిల్లలకి గొంతులో ఇరుక్కునే సైజు వస్తువు అందకూడదు. బొమ్మల భద్రతకి వాడే పరీక్ష గొట్టం 31.7 మి.మీ. వెడల్పు, ఎక్కువ లోతున్న వైపు 57 మి.మీ. లోతు ఉంటుంది. అందులో పట్టేది ఏదైనా ప్రమాదమే. కాబట్టి చీల కనీసం 9 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు ఉండేలా చేయించండి, కూర్చునే పలక అడుగు వైపు ఉండేలా డిజైన్ చెయ్యండి.

కంత మూలల గురించి కొత్తవాళ్లకి చెప్పాలి. రౌటర్లో తిరుగుతూ కోసే మొన, అంటే బిట్, లోపలి మూలని చదరంగా కొయ్యలేదు. 6 మి.మీ. బిట్ అయితే మూలలో 3 మి.మీ. గుండ్రం మిగిలిపోతుంది, నాలుక లోపలికి దిగదు. అందుకని మూలలో కొంచెం అవతలికి కోసి చిన్న చెవిలా వదులుతారు. దీన్నే డాగ్‌బోన్ అంటారు. అది కనపడకూడదంటే ఆ మూల ఉలితో చదరం చెయ్యాలి. నాలుగు కుర్చీలైతే ఉలి మేలు, నలభై అయితే డాగ్‌బోన్ మేలు.

ఇక బిగింపు. షీటు మీద 18 అని రాసి ఉన్నా వెర్నియర్ పెట్టి కొలిస్తే 17.4 ఉండొచ్చు, 18.3 ఉండొచ్చు. ఒకే షీట్లో నాలుగు మూలలా కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెకి 0.2 లేదా 0.3 మి.మీ. కలిపి కంత వెడల్పు పెట్టుకోండి. రంగు వేసేదైతే రెండు వైపులా రంగు మందం కూడా కలపాలి. అసలు షీటు కొయ్యక ముందు దాని మూలలోనే ఒక కంత, ఒక నాలుక కోసి చూసుకోండి. పది నిమిషాల పని, షీటు మొత్తాన్ని కాపాడుతుంది.

సొంత మిషనా, జాబ్ వర్కా?

ఒకటో రెండో సెట్లు కావాలంటే జాబ్ వర్క్‌కే ఇవ్వండి. మన పట్నాల్లో పూజగది తలుపులు కోసే సీఎన్‌సీ షెడ్లు చాలా ఉన్నాయి. దాదాపు అందరిదీ 1300కి 2500 మి.మీ. బెడ్డే, నిండు షీటు పడుతుంది. వాళ్లకి డీఎక్స్‌ఎఫ్ ఫైలు, అంటే ముక్కల గీతలున్న కంప్యూటర్ డ్రాయింగు, ఇవ్వండి. గీతలన్నీ మూసుకుని ఉండాలి, కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి, పూర్తి లోతు తెగేవి ఒక లేయరులో, సగం లోతు గాడులు ఇంకో లేయరులో ఉండాలి. ఏ సైజు బిట్ వాడతారో ముందే అడగండి, డాగ్‌బోన్ దాన్ని బట్టే ఉంటుంది. జాలీల పనికి అలవాటుపడ్డవాళ్లు పొట్టుని పైకి లాగుతూ కోసే అప్‌కట్ బిట్‌తోనే అన్నీ కోసేస్తారు. ప్లై పైపొర దానితో ఈనెల్లా లేస్తుంది. కంప్రెషన్ బిట్ పైపొరని కిందికీ, అడుగు పొరని పైకీ నొక్కుతూ కోస్తుంది కాబట్టి రెండు వైపులా నున్నగా వస్తుంది. బిట్ మీరే కొని తీసుకెళ్లినా తప్పులేదు. మొదటి కోత మాత్రం బిట్ మొనలో ఉన్న అప్‌కట్ భాగం కన్నా లోతుగా దిగాలి, లేకపోతే దాని ప్రయోజనం ఉండదు.

సొంతంగా పెట్టాలనుకునేవాళ్లు మిషన్ ధర ఒక్కటే చూడకండి. త్రీఫేజ్ కరెంటు, డస్ట్ కలెక్టర్, బిట్లు, షీట్లు పొడిగా నిలబెట్టే చోటు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. తుపాను రోజుల్లో కరెంటు మధ్యలో పోతే కోస్తున్న ముక్క ఆగిపోతుంది. కంట్రోలర్‌కి ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం ఉందో లేదో కొనేముందే చూసుకోండి. సముద్రానికి దగ్గరైతే మిషన్ కదిలే పట్టాలకి వారానికోసారి నూనె రాయాలి. చెక్క పొడి కూడా క్యాన్సర్ కారకాల్లోనే ఉంది. మాస్కు లేకుండా మిషన్ దగ్గర నిలబడొద్దు, పిల్లల్ని అసలు రానివ్వొద్దు.

జిగ్‌సా, చేతి రౌటర్, ఒక టెంప్లేటు ఉన్న మంచి వడ్రంగి కూడా ఇవే వస్తువులు చెయ్యగలడు. ఒక్క కుర్చీకి అదే చవక. బడికి ముప్పై కుర్చీలు, అన్నిటి పలకలూ ఒకదానికొకటి మార్చి బిగించుకునేలా కావాలన్నప్పుడు సీఎన్‌సీకి సాటి లేదు.

పాలిష్

మైకా అతికిస్తే తుడుచుకోవడం సులువు, కానీ అంచు దగ్గర లేచిన మైకా చాకులా కోస్తుంది. పిల్లల బల్లకి పైపలక మీద ఒప్పుకుంటాను, కుర్చీకి వద్దు. మెలమైన్ పాలిష్ మన దగ్గర అందరూ వేసేది, మెరుపూ బాగుంటుంది. కానీ అది ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. మంచి షీటు ఏరికోరి తెచ్చి చివరికి దాని మీద ఇది వెయ్యడం నాకు నచ్చదు. లక్క పాలిష్ పిల్లలకి మంచిదే, కానీ నీటి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. ఏటికొప్పాక బొమ్మల లక్క రంగులు వెయ్యమని కొందరు అడుగుతారు. ఆ లక్క లేతు మీద తిరుగుతున్న చెక్కకి ఒరిపిడి వేడితో పట్టేది, బల్లపరుపు పలక మీద అలా పట్టదు.

కోనసీమలో ఇంకో మాట తరచూ వింటాను: "కొబ్బరినూనె రాస్తే సరిపోదా?" అని. కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు. జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టి, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. ఆరే నూనె అవిసె నూనె. అది కూడా మన ముసురులో బూజు పట్టే అవకాశం ఎక్కువ. పైగా ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. వాడితే గుడ్డలు విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పారెయ్యండి.

నేను స్థిరపడింది నీటితో కలిసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మీద. మూడు పూతలు, మధ్యలో 320 నంబరు ఎమరీ పేపరు. అంచులకి ఇంకో రెండు పూతలు ఎక్కువ, ఎందుకంటే ప్లై నీళ్లు తాగేది అంచుల నుంచే. కాళ్ల అడుగుభాగానికి ఎపాక్సీ రాసి, ఆరాక రబ్బరు గుబ్బలు బిగిస్తాను. రంగులు కావాలంటే ఎనామెల్ డబ్బా మీద సీసం ఎంత ఉందో రాసి ఉంటుంది, చూడండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదు. షెడ్డులో ఎప్పటి నుంచో మిగిలిపోయిన పాత డబ్బాలు పిల్లల వస్తువులకి వాడొద్దు.

వానాకాలం పాలిష్ పని పెట్టుకోకండి. గాలిలో తేమకి అది ఆరక, తెల్లగా మసకబారుతుంది. ఆర్డరు ఇచ్చేవాళ్లు జనవరి, ఫిబ్రవరిలో ఇస్తే మాకూ మీకూ మంచిది.

కొలతలు, ప్రమాదాలు

బడి ఫర్నిచర్‌కి ఐరోపా ప్రమాణంలో ఉన్న కొలతలు నేను వాడతాను. 93 నుంచి 116 సెం.మీ. పొడవున్న పిల్లలకి కుర్చీ ఎత్తు 26, బల్ల 46. 108 నుంచి 121 ఉంటే 31, 53. 119 నుంచి 142 ఉంటే 35, 59. వయసు చూసి కాకుండా పిల్లని గోడకి నిలబెట్టి కొలవండి. చీల పద్ధతిలో కూర్చునే పలకకి రెండు ఎత్తుల్లో కంతలు కోయిస్తే ఒకే కుర్చీ రెండు సైజులకి పనికొస్తుంది. దీనికి అదనంగా అయ్యేది రెండు నిమిషాల మిషన్ టైము.

వేలు దూరి ఇరుక్కునే రంధ్రాలు, అంటే 7 నుంచి 12 మి.మీ. మధ్యవి, ఎక్కడా పెట్టొద్దు. అందం కోసం చేసే చుక్కల డిజైన్లలో ఈ తప్పు తరచూ జరుగుతుంది. బయటి మూలలన్నీ కనీసం 15 మి.మీ. గుండ్రం ఉండాలి, అది సీఎన్‌సీకి ఖర్చు కాదు. అంచులకి ట్రిమ్మర్‌తో 3 మి.మీ. గుండ్రం తిప్పించండి. పుస్తకాల అర ఎంత చిన్నదైనా గోడకి బిగించాలి. పిల్లలు దాన్ని నిచ్చెన అనుకుంటారు.

పసిపిల్లల తొట్టి మంచం చెయ్యమంటే నేను చెయ్యను. కమ్మీల మధ్య సందు 6 సెం.మీ. దాటకూడదని తెలుసు. అయినా పరుపు బిగింపు నుంచి ఊపుకి తట్టుకోవడం వరకు పరీక్షించే సాధనాలు నా షెడ్డులో లేవు. అది పరీక్ష చేసినదే కొనుక్కోండి.

ఎవరికి ఏది

ఫ్లాట్లో ఉండి, నీటి భయం లేనివాళ్లకి: బీడబ్ల్యూఆర్ షీటు, జిగురు జాయింటు, పీయూ. కాలవగట్టు పక్కన, నేల ఎప్పుడూ చెమ్మగా ఉండే ఇళ్లకి: ఐఎస్ 710, బోల్టులు లేదా చీలలు, కాళ్లకి ఎపాక్సీ తప్పనిసరి. చిన్న బడులకి: కుర్చీలు 12 మి.మీ., బల్లలు 18, అన్నీ చీలలతో. సెలవుల్లో విప్పి ఒక మూలకి పేర్చేయొచ్చు, విరిగిన ఒక్క పలకనే మళ్లీ కోయించుకోవచ్చు. ఫైలు మాత్రం మీ దగ్గర కూడా ఒకటి పెట్టుకోండి. లంకలవాళ్లకి: ఐఎస్ 710, చీలలు. ఏ ఒక్క పలకా ఎనిమిది కిలోలు దాటకూడదు, మీ మెట్ల మలుపు వెడల్పు కొలిచి ఆ కొలతతోనే నా దగ్గరికి రండి.

మేనల్లుడికి రెండో బల్ల అలాగే చేశాను. ప్రతి పలక అడుగునా అంకె చెక్కించాను, ఒకటి రెండుతో, రెండు మూడుతో కలుస్తుంది. మిగిలిన ముక్కల్లోంచి నాలుగు చీలలు ఎక్కువ కోసి, చెక్క సుత్తితో పాటు ఒక గుడ్డ సంచిలో వేసి ఇచ్చాను. తర్వాతి వరదకి అక్క ఫోన్ చేసింది. బావ ఏటిగట్టు దగ్గర పడవ కోసం వెళ్లారట, వచ్చేసరికి వాడు బల్ల విప్పి ఐదు పలకలూ ఒక్కొక్కటిగా డాబా మీదికి చేర్చేశాడట. ఆఖరికి చీలల సంచి కూడా మెడలో వేసుకుని ఎక్కాడట.